బీరువాలో మడత విప్పని చీర: బట్టల పర్యావరణ లెక్క ఎలా వేయాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్ళయినా, గృహప్రవేశమైనా, ఓణీల వేడుకైనా ఆడపడుచులకూ దగ్గరి బంధువులకూ చీరలు పెట్టడం ఆనవాయితీ. ఒకేసారి పాతికో యాభయ్యో కావాలి కాబట్టి హోల్‌సేల్ అంగట్లో ఒకే ధర కట్టలోంచి రంగులు మార్చి తెస్తారు. ఈ పెట్టుబడి చీరలు దాదాపు అన్నీ పాలిస్టరు. తీసుకున్నావిడ ఇంటికెళ్ళి మడత విప్పకుండా బీరువాలో పెడుతుంది, తన ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఇంకొకరికి పెడుతుంది. అలా మూడు నాలుగు ఇళ్ళు తిరిగినా ఆ చీరను ఎవరూ ఒక్కసారి కూడా కట్టి ఉండకపోవచ్చు. వరలక్ష్మీ వ్రతం నాటి తాంబూలంలో పెట్టే జాకెట్టు ముక్క కథా ఇంతే.

పర్యావరణానికి మేలు చేసే బట్టల గురించి మాట్లాడేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. ఒక బట్ట నూలుగా, గుడ్డగా, రంగుగా తయారయ్యే క్రమంలో ఖర్చైన నీరు, కరెంటు, రసాయనాలు కొనే ముందే ఖర్చైపోయాయి. వాటిని తగ్గించడం మన చేతిలో లేదు. ఆ భారాన్ని ఎన్నిసార్లతో భాగిస్తామన్నదే మన చేతిలో ఉంది. వంద సార్లు కట్టిన చీరకు ఒక్కో కట్టుకు పడే భారం, పదిసార్లు కట్టిన చీరకు పడేదానిలో పదో వంతు. అసలు కట్టని చీరకు భాగించడానికి అంకే లేదు. కాటనా పాలిస్టరా, చేనేతా మిల్లా, ఆర్గానికా కాదా అన్న ప్రశ్నలు ముఖ్యమైనవే కానీ వాటి స్థానం దీని తరవాత.

ప్రచారంలో ఉన్న అంకెలు చాలావరకు ఈ విషయాన్ని కప్పేస్తున్నాయి. బట్టల పరిశ్రమ ప్రపంచంలో రెండో అతిపెద్ద కాలుష్య పరిశ్రమ అన్న వాక్యం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని మూలం వెతుక్కుంటూ పోతే ఆధారమైన లెక్క ఏదీ దొరకదు. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఈ రంగం వాటాను ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2 నుంచి 8 శాతం మధ్య చెబుతోంది. అంత తేడా ఉందంటేనే కొలవడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఒక కాటన్ టీషర్టుకు 2,700 లీటర్ల నీరు పడుతుందన్నది ఇంకో అంకె. ఇందులో పత్తి చేను మీద పడిన వాన కూడా కలిసే ఉంది. మన దేశంలో పత్తి విస్తీర్ణంలో ఎక్కువ భాగం వర్షాధారం. ప్రకాశం నల్లరేగడి చేలో వాన మీద పండిన పత్తి తీసుకునే నీటినీ, ఎండిపోతున్న బోరును తోడి పండించిన పత్తి తీసుకునే నీటినీ ఒకే అంకెలో పోస్తే ఆ అంకె ఏ పొలానికీ వర్తించదు. అలాగని పత్తి నిర్దోషి అని కాదు. గులాబీ రంగు పురుగు బీటీ పత్తికి లొంగడం మానేశాక మందుల పిచికారీ మళ్ళీ పెరిగింది. మన పత్తికి అసలు బరువు అక్కడ ఉంది.

రంగు దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. కాటన్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడేది రియాక్టివ్ రంగులు. ఇవి నూలుకు గట్టిగా పట్టుకుంటాయి, కానీ వేసిన రంగు మొత్తం పట్టదు. రంగు రకాన్ని బట్టి పదో వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్ళలోనే మిగిలిపోతుంది. ఆ రంగును నూలు వైపు నెట్టడానికి ఉప్పు, అతికించడానికి సోడా యాష్ వేయాలి. ముదురు రంగైతే లీటరు నీటికి 60 నుంచి 80 గ్రాముల ఉప్పు మామూలు. చిలపలుగా ఉన్న నూలును తొట్టిలో అద్దితే కిలో నూలుకు కనీసం 20 లీటర్ల నీరు కావాలి. అంటే ఒక కిలో ముదురు రంగు నూలుకు కిలోకు పైగా ఉప్పు, అది కూడా ఒక్క తొట్టికే. ముందు నూలును ఉడకబెట్టి జిడ్డు తీసే నీళ్ళు, తరవాత ఒకటికి నాలుగుసార్లు కడిగే నీళ్ళు వేరే. ఈ ఉప్పు నూలులోకి పోదు, ఆవిరైపోదు. మొత్తం కాలువలోకే పోతుంది. రంగు కనిపిస్తుంది కాబట్టి జనం గొడవ చేస్తారు, ఉప్పు కనిపించదు కాబట్టి బోరు చవిటిదయ్యాక గానీ తెలియదు.

నెల్లూరు అంగళ్ళలో దొరికే బనియన్లు, టీషర్టులు చాలావరకు తమిళనాడు తిరుప్పూరు నుంచి వచ్చేవే. అక్కడ అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిలోకి పోయి, కింద ఉన్న ఒరత్తుపాళయం జలాశయం సేద్యానికి పనికిరాకుండా పోయింది. 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. చుక్క నీరు కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసి తిరిగి వాడితేనే తెరవాలన్నది షరతు. అలా శుద్ధి చేయడానికి ఖర్చు ఎక్కువ, ఆ ఖర్చు బట్ట ధరలో కలుస్తుంది. నమ్మశక్యం కానంత చవగ్గా ముదురు రంగు కాటన్ బట్ట దొరుకుతోందంటే, ఈ ఖర్చును ఎవరో ఎగ్గొట్టారేమోనని అనుమానించాల్సిందే.

కొనేవాళ్ళకు దీనిలోంచి పనికొచ్చే మాట ఒకటుంది. ఒకే రకం గుడ్డలో నలుపు, ముదురు ఎరుపు, నేవీ బ్లూ కంటే లేత రంగుకు ఉప్పూ రంగూ చాలా తక్కువ పడతాయి. అసలు రంగే వేయని, బ్లీచింగ్ కూడా చేయని కోర గుడ్డకు ఇంకా తక్కువ. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, లోపల వేసే లైనింగు వంటివాటికి ముదురు రంగుతో పనేముంది?

చేనేత లెక్క నిజాయితీగా వేయాలి. చేమగ్గానికి కరెంటు అక్కర్లేదు కాబట్టి చేనేత పర్యావరణానికి మంచిది అని చెబుతుంటారు. అందులో నిజం ఉంది కానీ అది చిన్న భాగమే. మగ్గం మీదికెక్కే నూలు మిల్లులో వడికినదే. వెంకటగిరి చీరకు వాడే 100వ నంబరు నూలు చాలా సన్నం. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, అంత సన్నగా వడకడానికి కదురు ఎక్కువసేపు తిరగాలి, కరెంటు ఎక్కువ కావాలి. రంగు కూడా అవే రసాయనాలు. చేనేతకు అసలు బలం వేరే చోట్ల ఉంది. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా చాచే దారాలకు, గంజి పెట్టేది బియ్యప్పిండి వంటి పిండి పదార్థంతో, అది నేలలో ఇట్టే కలిసిపోతుంది. మిల్లులో గంజికి బదులుగానో దానితో పాటుగానో పాలీవినైల్ ఆల్కహాల్ వంటి రసాయనాలు వాడతారు. చేమగ్గం మీద పడుగును మరమగ్గం మీద లాగినంత బిగువుగా లాగరు కాబట్టి నూలు అలసిపోదు, గుడ్డ మెత్తగా ఉంటుంది. పైగా నెలకు నాలుగైదు చీరలు దిగే మగ్గం దగ్గర అమ్ముడుపోని సరుకు గుట్టలు పడే ప్రమాదం ఫ్యాక్టరీతో పోలిస్తే తక్కువ.

ఈ ప్రాంతానికి ఆ అదృష్టం దగ్గర్లోనే ఉంది. కోవూరు మండలం పాటూరులో మగ్గాలున్నాయి. వెంకటగిరి, చీరాల 2022 జిల్లాల విభజనలో ఒకటి తిరుపతికీ ఇంకొకటి బాపట్లకూ వెళ్ళినా, నెల్లూరు ఒంగోలు ఇళ్ళకు అవి ఇప్పటికీ మన చీరలే. కొనేటప్పుడు కాలం కూడా చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో మగ్గం గుంటల్లో నీరు ఊరుతుంది, వీధిలో పడుగు చాచి గంజి పెట్టే వీలుండదు, రంగు వేసిన నూలు ఆరదు. ఆ నెలల్లో పెళ్ళికి పదిహేను రోజుల ముందు వెళ్ళి ఫలానా రంగులో పది చీరలు నేసిమ్మంటే, తొందరలో సరిగా కడగని రంగు నూలుతో నేసిన చీర రావచ్చు. తొలి ఉతుకులోనే రంగు పోవడానికి ఇది ఒక కారణం. మూడు నెలల ముందే చెబితే మంచి చీర వస్తుంది.

చేనేత అని చెప్పి మరమగ్గం చీర అమ్మడం మామూలైపోయింది. చేమగ్గాలకే కేటాయించిన రకాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లో పార్లమెంటు చట్టమే చేసింది, అయినా ఆగలేదు. చీర అంచు వెంట రెండు పక్కలా చూడండి. మగ్గం మీద గుడ్డ వెడల్పు తగ్గకుండా లాగిపట్టే బద్ద గుచ్చుకున్న సన్నని రంధ్రాలు వరసగా కనిపిస్తే మంచి సూచన. రంధ్రాలు లేనంత మాత్రాన చేనేత కాదని తేల్చేయకూడదు, ఉతికి ఇస్త్రీ చేస్తే అవి పూడుకుపోతాయి. వెంకటగిరి జాందానీ బుటాను తిరగేసి చూడండి. జాందానీలో ఒక్కో పువ్వుకూ విడిగా చిన్న కండెతో దారం తిప్పుతారు కాబట్టి వెనకవైపు కూడా దాదాపు ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది. వెనక పొడవాటి దారాలు వేలాడుతున్నా, దారాలు కత్తిరించిన కొసలు గరుకుగా తగులుతున్నా అది వేరే రకం నేత. హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టుకైతే సిల్క్ మార్క్ చీటీ అడగండి. ఆర్గానిక్ అన్న మాట విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2020లో భారత్‌లో సుమారు 20 వేల టన్నుల పత్తికి దొంగ ఆర్గానిక్ పత్రాలు పుట్టించినట్లు ఆ ధ్రువీకరణ నడిపే జీఓటీఎస్ సంస్థే బయటపెట్టింది. చీటీ మీద సర్టిఫికెట్ నంబరు లేకుండా వట్టి ఆకు బొమ్మ ఉంటే దానికి అదనంగా డబ్బు పెట్టకండి.

గుడ్డ ఏమిటో తేల్చుకునే నమ్మకమైన ఇంటి పద్ధతి దారం కాల్చి చూడటం. చీర లోపలి కొస నుంచి నిలువు దారం ఒకటి, అడ్డ దారం ఒకటి విడివిడిగా లాగండి. పడుగు కాటన్, పేక పాలిస్టరు ఉన్న చీరలు బోలెడు, అందుకే రెండూ వేరుగా చూడాలి. రెండంగుళాల దారాన్ని పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్ళెం పెట్టి, మంట అంచుకు తాకించండి. కాటన్ వెంటనే అంటుకుని కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తని బూడిద రాలుతుంది. అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, కొసన మిగిలిన నల్ల పూస వేళ్ళ మధ్య నలిపితే పొడవుతుంది. పాలిస్టరు మంటకు దూరంగానే ముడుచుకుని కరుగుతుంది, నల్ల పొగ వస్తుంది, చల్లారాక మిగిలిన ముత్యం రాయిలా ఉండి నలగదు. కాగితం వాసనా వచ్చి గట్టి పలుకులూ మిగిలితే కలిపి వడికిన నూలు.

ఈ పరీక్షకు ఒక లోటుంది. విస్కోస్ కూడా కాటన్‌లాగే కాలుతుంది, ఎందుకంటే చెక్క గుజ్జులోంచి తీసిన అది కూడా కాటన్‌లాగే మొక్కల పదార్థమే. దాన్ని పట్టుకోవాలంటే దారాన్ని నీళ్ళలో నానబెట్టి లాగండి. కాటన్ తడిస్తే బలం పెరుగుతుంది. విస్కోస్ తడిస్తే బలం సగం దాకా పోతుంది, చటుక్కున తెగుతుంది. విస్కోస్ చీరలను బండకేసి బాదితే త్వరగా చిరగడానికి కారణం ఇదే. అంగట్లో ఆర్ట్ సిల్క్ అని అమ్మేది విస్కోసో పాలిస్టరో అయి ఉంటుంది, పట్టు కాదు. నలిపి చూస్తే ముడత పడితే కాటన్ అని అంగడివాళ్ళు చెబుతారు. విస్కోస్ కూడా ముడత పడుతుంది కాబట్టి ఆ మాట మీద ఆధారపడలేం.

పాలిస్టరును ఒక్క మాటలో చెడ్డదని కొట్టేయడం తేలిక. అది పెట్రోలియం నుంచి వచ్చినదే, మట్టిలో కలవదు, ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ నూగు నీళ్ళలోకి వదులుతుంది. సముద్రంలోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో దాదాపు 35 శాతం సింథటిక్ బట్టల ఉతుకు నీళ్ళదేనని 2017లో ఐయూసీఎన్ అంచనా వేసింది. పులికాట్ నుంచి మైపాడు, కొత్తపట్నం దాకా తీరమున్న మనకు అది దూరపు విషయం కాదు. కానీ ఇప్పటికే ఇంట్లో ఉన్న పాలిస్టరు చీరను పారేసి కొత్త కాటన్ కొంటే పర్యావరణానికి రెండు నష్టాలు. ఉన్నదాన్ని చినిగే దాకా వాడటమే సరైన దారి. నూగు ఎక్కువగా ఊడేది మొదటి కొన్ని ఉతుకుల్లో, అదీ నీళ్ళు ఎక్కువ గుడ్డలు తక్కువ ఉండి మెషీన్ గిరగిరా తిప్పినప్పుడు. అందుకే మెషీన్ నిండా గుడ్డలు వేసి, చల్లని నీటితో, తక్కువ సమయం పెట్టండి. లింట్ జాలీలో చేరిన నూగును సింకులో కడగకుండా తీసి చెత్తబుట్టలో వేయండి.

బాటిళ్ళ నుంచి రీసైకిల్ చేసిన పాలిస్టరు అని రాసి ఉన్న టీషర్టు పాత బట్టల నుంచి వచ్చినది కాదు. ఒక సీసాను మళ్ళీ సీసాగా మార్చే చక్రంలోంచి బయటికి తీసి, మళ్ళీ రీసైకిల్ కాని బట్టగా మార్చారు. నూగు కూడా మామూలు పాలిస్టరులాగే ఊడుతుంది. దానికి ఎక్కువ ధర పెట్టాల్సిన అవసరం కనిపించదు.

బట్ట ఆయుష్షులో పెద్ద భాగం ఉతుకు దగ్గరే తేలిపోతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీరు గట్టిది, తీరానికి దగ్గరైతే ఉప్పుది. గట్టి నీళ్ళలో బట్టల సబ్బు రుద్దితే నురగ రాదు. నీటిలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లని తెట్టు కట్టి నూలు మధ్య ఇరుక్కుంటుంది. తెల్ల చొక్కాలు బూడిద రంగుకు తిరగడం, తువ్వాళ్ళు అట్టలా బిగుసుకుపోవడం దీనివల్లే. చాలామంది మురికి పోలేదనుకుని ఇంకా సబ్బు రుద్దుతారు, తెట్టు ఇంకా పెరుగుతుంది. అలాంటి నీళ్ళకు ద్రవ డిటర్జెంటు, అదీ ప్యాకెట్ మీద చెప్పిన కొలతకు మించకుండా వాడటం మంచిది. కాటన్ బట్టలకు ఆఖరి జాడింపు నీళ్ళలో బకెట్టుకు రెండు మూడు చెంచాల వెనిగర్ కలిపితే తెట్టు విడుతుంది. జరీ ఉన్నవాటికి వెనిగర్ వద్దు, జరీలోని రాగి మసకబారుతుంది.

పట్టుకూ, మంచి రంగు చీరలకూ కుంకుడుకాయ ఇప్పటికీ తిరుగులేనిది. పది కాయలు గింజ తీసి కొట్టి, లీటరు వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి పల్చని గుడ్డతో వడకట్టండి. అది సగం బకెట్టు చల్లని నీళ్ళకు సరిపోతుంది. గట్టి నీళ్ళలోనూ ఇది తెట్టు కట్టదు. తెల్లబట్టలకు వాడకండి, లేత పసుపు మరక పడుతుంది. మామూలు బట్టల పొడిలో క్షారం ఎక్కువ, చాలావాటిలో మరకల కోసం ప్రోటీన్‌ను తినే ఎంజైములు కలుపుతారు. పట్టు కూడా ప్రోటీనే కాబట్టి అవి చీరను కూడా నెమ్మదిగా తింటాయి.

కొత్త చీరను ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ నమ్ముతారు. ఉప్పు ఆ కాసేపు రంగును కదలకుండా ఆపుతుంది, కొత్తగా ఏమీ అతికించదు. పట్టకుండా మిగిలిన రంగు చీరలో ఉంటే ఎప్పటికైనా బయటికి రావాల్సిందే. ముందు పరీక్ష చేయండి. చీర అంచు ఒక మూల తడిపి, దాని మడత మధ్య తెల్ల కాటన్ గుడ్డ పెట్టి ఒక నిమిషం అదమండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ చీరను మొదటి మూడు నాలుగుసార్లు విడిగా, చల్లని నీళ్ళలో నానబెట్టకుండా జాడించి, మడత మీద మడత పడకుండా వెంటనే నీడన ఆరేయాలి. అంచు రంగు చీర మధ్య భాగానికి అంటుకునేది ఎక్కువగా తడి చీరను చుట్టి బకెట్టులో వదిలేసిన ఆ అరగంటలోనే. రోహిణి కార్తె ఎండలో ఆరేస్తే పట్టు పెళుసవుతుంది, రంగు వెలుస్తుంది. చీరను తిరగేసి నీడన ఆరేయడమే మంచిది.

గంజి సంగతి. అన్నం వార్చిన గంజిని వడకట్టి నాలుగింతల నీళ్ళు కలిపి పెడితే చీర నిలబడుతుంది, మురికి నూలుకు పట్టక గంజితో పాటే పోతుంది. కానీ గంజి పెట్టిన చీరను నెలల తరబడి మడతలో ఉంచితే ఆ మడత గీత వెంటే నూలు విరుగుతుంది, పురుగు కూడా పిండి కోసం వచ్చి చీర కొరుకుతుంది. దాచే చీరకు గంజి తీసేసి దాచాలి.

ముసురు నెలల్లో బీరువాలోని బట్టలకు బూజు పట్టడానికి ప్లాస్టిక్ కవర్లు పెద్ద కారణం. ఇస్త్రీ వేడి మీద ఉన్న చీరను కవర్లో పెడితే ఆ ఆవిరి లోపలే నీరవుతుంది. పాత కాటన్ పంచె ముక్కలో చుట్టి పెట్టండి. ఇనప బీరువా తుప్పు మరక నేరుగా అంటకుండా కూడా అది కాపాడుతుంది. నాఫ్తలీన్ గోలీలు జరీకి తగిలితే జరీ నల్లబడుతుంది, చిన్న గుడ్డ సంచిలో వేసి పైన వేలాడదీయాలి. వేపాకు పెట్టేవాళ్ళు బాగా ఎండాకే పెట్టాలి, పచ్చి ఆకు తేమతో మరక చేస్తుంది. సంక్రాంతి దాటాక గాలిలో తేమ తగ్గుతుంది, ఒకసారి అన్నీ తీసి మడత మార్చి గాలికి పెట్టడానికి అది సరైన సమయం.

చీర పాడయ్యేది మధ్యలో కాదు, ఎప్పుడూ కొన్ని చోట్లే. కింద కాళ్ళకు రాసుకునే అంచు, నడుం దగ్గర కుచ్చిళ్ళు దోపే చోటు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు. అంచును ఫాల్ కాపాడుతుంది, కానీ ఫాల్ వల్లే చీర పాడయ్యే సందర్భాలూ తక్కువేం కాదు. కాటన్ ఫాల్‌ను నానబెట్టకుండా కుడితే తొలి ఉతుకుకే అది ముడుచుకుని చీర అంచును లాగేస్తుంది, ఆ ముడతలు ఇస్త్రీకి లొంగవు. ఫాల్‌ను రాత్రంతా నీళ్ళలో ఉంచి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే ఇవ్వండి. చేనేత కాటన్ చీరకు చేత్తో వదులుగా కుట్టించండి. జాకెట్టు లైనింగు గుడ్డకూ ఇదే నియమం. జాకెట్టు లోపల రెండు పక్కలా అంగుళంన్నర గుడ్డ వదలమని టైలరుకు ముందే చెప్పాలి. ఒళ్ళు మారినందుకు మూలన పడే జాకెట్లు చాలావరకు ఈ అంగుళంన్నరతో మళ్ళీ పనికొస్తాయి.

చిన్న చిల్లి పడితే, సెంటీమీటరు లోపు అయితే, రఫ్పు ఇంట్లోనే చేయవచ్చు. చీర లోపలి కొసనుంచే దారాలు లాగి దాచుకోండి, అదే రంగు అదే నూలు దొరుకుతుంది. చిల్లి కింద నున్నటి గరిటె వెనకవైపు పెట్టి, ముందు నిలువు దారాలు చిల్లికి అటూ ఇటూ సెంటీమీటరు దాటేలా పరచండి. తరవాత అడ్డ దారాన్ని ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి పోనిస్తూ రండి. దారం బిగించి లాగితే చుట్టూ ఉన్న గుడ్డ ముడుచుకుంటుంది. జరీ అంచు, పట్టు అయితే రఫ్పు పనివాళ్ళకు ఇవ్వడమే నయం.

ఇప్పుడు పెట్టుబడి చీరల దగ్గరికి వద్దాం. పెట్టడం మానమని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఆ పెట్టుడు వెనక ఉన్న ఆప్యాయత నిజమైనది. కానీ పెట్టేది వాడేదై ఉండాలి. యాభై మందికి పాలిస్టరు చీరలు కొనే డబ్బుతో అక్క, వదిన, పిన్ని వంటి పది మందికి కాటన్ చేనేత చీరలు, మిగతావాళ్ళకు చేనేత తువ్వాలో దుప్పటో పెట్టవచ్చు. తువ్వాలు ఏ ఇంట్లోనూ బీరువాలో పడి ఉండదు. తాంబూలంలో జాకెట్టు ముక్క పెట్టేటట్లయితే 80 సెంటీమీటర్ల పాలిస్టరు ముక్కకు బదులు మీటరు టూ బై టూ కాటన్ పెట్టండి. 80 సెంటీమీటర్లతో మోచేతి దాకా చెయ్యి రాదు, కొంచెం లావున్నవాళ్ళకు అసలు సరిపోదు. ఆ ముక్కలు చేతులు మారుతూ తిరగడానికి అదీ ఒక కారణం. కాటన్ ముక్క జాకెట్టు కాకపోయినా లైనింగుగా పనికొస్తుంది.

బట్ట పని అయిపోయాక ఎక్కడికి పోతుందన్నది చివరి ప్రశ్న. మెత్తబడిన కాటన్ చీరలు నాలుగైదు పొరలు పేర్చి కుట్టిన బొంత ఈ ఎండల్లో చెమట పీల్చే పరుపు, దానికి మించిన రీసైక్లింగ్ ఏ ఫ్యాక్టరీలోనూ లేదు. స్టీలు సామాన్లకు పాత బట్టలు తీసుకునేవాళ్ళ దగ్గరినుంచి కట్టుకోదగ్గవి పాత బట్టల సంతలకు పోతాయి, కాటన్ చింపులు మెకానిక్ షెడ్లకు తుడిచే గుడ్డలవుతాయి, ఉన్ని, యాక్రిలిక్ బట్టలు హర్యానాలోని పానిపట్‌కు చేరి తురిమి కంబళ్ళవుతాయి. వాళ్ళకు ఇచ్చే ముందు ఉతికి ఆరబెట్టండి, తడి గుడ్డ ఒకటి ఉంటే మూటంతా బూజు పడుతుంది. జరీ చీరల్ని వేరుగా ఉంచండి, పాత జరీలో వెండి ఉంటే దానికి విడిగా ధర పలుకుతుంది. కాటన్ పాలిస్టరు కలిపి వడికిన స్కూలు యూనిఫాంలు, సాగే జీన్సు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రెండు నారల్ని విడదీసే పద్ధతి మన దగ్గర అందుబాటులో లేదు. అందుకే వాటిని కొనేటప్పుడే పిల్లల ప్యాంటు కింద మూడంగుళాల మడత వదిలించి, పొడుగు పెరిగేకొద్దీ విప్పుకుంటూ పోవాలి.

భోగి మంటలో పాత బట్టలు వేసే ఇళ్ళలో దారం పరీక్షను గుర్తు పెట్టుకోవాలి. కాటన్ అయితే బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి చుక్కలు చుక్కలుగా కారుతుంది, చుట్టూ ఉన్న పిల్లల కాళ్ళ మీద పడితే చర్మానికి అతుక్కుని కాలుస్తుంది, ఆ పొగ పీల్చకూడనిది.

పాత పాలిస్టరు చీరలకు మన పల్లెల్లో ఒక వాడకం ఉంది. అడవిపందులు రాకుండా చేను చుట్టూ, కోళ్ళు రాకుండా ఆకుకూర మడుల చుట్టూ కడతారు. కొత్త వల కొనకుండా గడుస్తుంది కాబట్టి మంచి వాడకమే. కానీ ఎండకు పాలిస్టరు పెళుసుబారి పోగులు పోగులుగా రాలి మట్టిలో కలుస్తుంది, ఆ పోగులు ఏరడం ఎవరివల్లా కాదు. చేత్తో లాగితే చిరిగే దశకు రాకముందే, పంట కోత అవ్వగానే కర్రల నుంచి విప్పి మడిచి నీడన దాచాలి. మేకులకు గుచ్చకుండా తాడుతో కడితే విప్పేటప్పుడు చిరగదు, మరుసటి పంటకూ పనికొస్తుంది.